ఎవరి తాలూకు?

నరసాపురం

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. 1981లో మన గోదావరి జిల్లా నుంచి నెదర్లాండ్స్‌కు దత్తత వెళ్లిన శాంతి, నలభై దాటాక కన్నతల్లిని వెతుక్కుంటూ రావడం మంచి వస్తువు. నీకు రాయడం వచ్చు, అందులో సందేహం లేదు. కానీ సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించే పంటు దిగగానే మట్టి వాసనకు ఆమె భోరుమందని రాశావు చూడు, అక్కడ నాకు కథ మీద నమ్మకం పోయింది. ఏడాది నిండకుండా వెళ్లిన పిల్లకు ఈ మట్టి ఏం గుర్తుంటుంది? రక్తం పిలుస్తుందన్న మాట వినడానికి బాగుంటుంది కానీ, దాన్ని పట్టుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది.

ఆ పంటు మీద నిజంగా ఏం జరుగుతుందో ఆలోచించు. పక్కన చేపల తట్టతో కూర్చున్న ముసలామె శాంతి మొహంలోకి చూసి, "ఎవరి తాలూకమ్మా?" అంటుంది. మన వైపు అది పలకరింపు. ఫలానా వాళ్ల కోడలినండీ అంటే చాలు, జరిగి చోటిస్తారు. శాంతికి ఆ మాట అర్థం కాదు. ఎవరైనా అర్థం చెప్పినా, ఆమె దగ్గర జవాబు లేదు. నెదర్లాండ్స్‌లో చూస్తే చిన్నప్పటి నుంచీ వేరే ప్రశ్న: "అసలు నీదే ఊరు?" అమ్మానాన్నలు తెల్లవాళ్లు, ఈమెది చామనఛాయ. బడిలో అడిగారు, బస్సులో అడిగారు. చక్కటి డచ్‌లో తన ఊరి పేరు చెబితే, "అది కాదు, అసలు?" అన్నారు. ఇక్కడికొస్తే మొహం మనదే, మాట మనది కాదు. రెండు చోట్లా అడిగించుకునే ఆ మనిషిని రాయి.

పెంచిన తల్లిని రాక్షసిని చేశావు. వద్దమ్మా. ప్రాణంగా పెంచిన తల్లి అయితేనే కథకు బరువు వస్తుంది. "మాకు నీ రంగు కనపడదు, నువ్వు మా బిడ్డవంతే" అని ఆమె ప్రేమగానే అని ఉంటుంది. బయట ఎవరో రంగు గురించి ఓ మాట అన్న రోజున ఆ పిల్ల ఇంటికొచ్చి ఎవరితో చెప్పుకుంటుంది? రంగే కనపడదన్న అమ్మతోనా?

మా తమ్ముడి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. వాడికి ఆరేళ్లప్పుడు ద్రాక్షారామంలో పిల్లల్లేని మా పెద్దమ్మకు పెంపకానికి ఇచ్చారు. అదే భాష, అదే కులం, అవే పోలికలు. పండక్కి వస్తే మా అమ్మ వాడికి అరిటాకు వేసి, కొసరి కొసరి వడ్డించేది. మాకు మాత్రం ఎవరి కంచం వాళ్లకి, పేర్లు చెక్కించినవి. మూడో సంక్రాంతికి ఆకు ముందు కూర్చుని, "నా కంచమేదీ?" అన్నాడు. అమ్మ లేచి ట్రంకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టి దాచింది తీసి, కడిగి తెచ్చింది. వాడు అందులో అన్నం పెట్టించుకుని, మెతుకులు పక్కకు తోసి, తన పేరు కనపడేలా చేసుకుని తిన్నాడు. పెద్దమ్మ వాడికేం తక్కువ చేయలేదు. అయినా అడిగాడు. అయినవాళ్లింట్లో పెరిగిన పిల్లాడికే ఇలా ఉంటే, ఇంట్లో ఫొటోలన్నిట్లో తనొక్కతే వేరుగా కనపడే పిల్ల సంగతి ఊహించు.

కాగితాల విషయంలో తొందరపడ్డావు. శాంతి ఫైలు ఢిల్లీలో కారా ఆఫీసులో, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, దొరికిందన్నావు. కారా వచ్చింది 1990లో. లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు నియమాలు పెట్టింది 1984లో. అంతకుముందు విదేశీయులు గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో సంరక్షకులుగా ఆర్డరు తెచ్చుకుని, బిడ్డను తీసుకెళ్లి తమ దేశంలో దత్తత చేసుకునేవారు. కాబట్టి ఆమె ఏ అనాథాశ్రమం రిజిస్టరో, పాత కోర్టు ఆర్డరో వెతుక్కోవాలి. అందులో పుట్టినరోజు ఎవరో అంచనా వేసి రాసింది కావచ్చు, శాంతి అన్న పేరు ఆయా పెట్టింది కావచ్చు. రాసినదంతా నిజమనీ అనుకోకు. నెదర్లాండ్స్ ప్రభుత్వం వేసిన కమిటీ విదేశీ దత్తతల్లో అక్రమాలు బయటపెడితే, 2021లో కొత్త దత్తతలు ఆపేశారు. ఇంకొకటి, విలేకరి స్నేహితుడు ఆమె తరఫున వెళ్లి వివరాలు లాగాడన్నావు. మూలాలు వెతకడానికి మూడో మనిషిని ఇప్పటి నిబంధనలు ఒప్పుకోవు. ఆమే అడగాలి. కథకూ అదే మంచిది.

తల్లి అల్లిన లేసు ముక్కతో గుర్తుపట్టడం తీసెయ్. మా వీధిలో అందరూ లేసు అల్లేవాళ్లే.

వచ్చే ఆదివారం తమ్ముడు వస్తున్నాడు. నువ్వూ భోజనానికి రా. ఆ కంచం నా దగ్గరే ఉంది, వాడొస్తే అందులోనే పెడతాను. నువ్వేమీ అడగకు. వాడంతట వాడు మాట్లాడితే విను.

మీ పిన్ని