1899లో అమెరికా బేస్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 134 మ్యాచ్‌లు ఎలా ఓడిపోయింది? ఆటగాళ్లు అంత చేతకానివాళ్లా?

ఆ ఏడాది మైదానంలోకి దిగినవాళ్లు బలహీనులే. కానీ జట్టును ఆ స్థితికి తెచ్చింది యజమానులు. 1898లో ఇదే స్పైడర్స్ 81 గెలిచి, 68 ఓడి, 12 జట్ల నేషనల్ లీగ్‌లో ఐదో స్థానంలో ఉంది.

ఆట బాగానే ఉన్నా జనం రాలేదు. క్లీవ్‌లాండ్‌లో ఆదివారం మ్యాచ్‌లు ఆడనిచ్చేవారు కాదు. పనివాళ్లకు తీరిక దొరికేదేమో ఆదివారమే. సెయింట్ లూయిస్‌లో ఆ అడ్డు లేదు. అక్కడి జట్టు అప్పులపాలై వేలానికి వచ్చాక, 1899 సీజన్‌కు ముందు స్పైడర్స్ యజమానులైన రాబిసన్ సోదరుల చేతికి చిక్కింది. ఒకే యజమానికి ఒకే లీగ్‌లో రెండు జట్లుండటం అప్పట్లో చెల్లేది. బ్రూక్లిన్, బాల్టిమోర్ జట్లదీ అదే కథ.

సోదరులిద్దరూ క్లీవ్‌లాండ్ నుంచి పిచర్ (బంతి విసిరే ఆటగాడు) సై యంగ్, జెస్సీ బర్కెట్, బాబీ వాలెస్‌లతో పాటు మేనేజర్ పాట్సీ టెబోని కూడా సెయింట్ లూయిస్‌కు తరలించారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ పిచింగ్ మీద పడింది. క్రికెట్ వన్డేలో బౌలర్‌కు పది ఓవర్ల కోటా ఉంటుంది. ఆనాటి బేస్‌బాల్‌లో మ్యాచ్ మొదలుపెట్టిన పిచరే చాలాసార్లు ముగించేదాకా వేసేవాడు. అందుకే గెలుపోటములు పిచర్ ఖాతాలోనే రాసేవారు. సెయింట్ లూయిస్‌లో యంగ్ 26 గెలిస్తే, క్లీవ్‌లాండ్‌లో పిచర్ జిమ్ హ్యూయీ 4 గెలిచి 30 ఓడాడు. జట్టు మొత్తం 529 పరుగులు చేసి 1,252 ఇచ్చింది. అంటే మ్యాచ్‌కు సుమారు 3.4 చేసి 8.1 ఇచ్చుకుంది.

ఏప్రిల్ 15న తొలి మ్యాచ్ సెయింట్ లూయిస్‌లోనే, ఆ పాత సహచరుల మీదే. 10-1తో ఓడారు. లేవ్ క్రాస్ మేనేజర్‌గా ఉన్న 38 మ్యాచ్‌ల్లో 8 గెలిచారు. తర్వాత అతన్నీ సెయింట్ లూయిస్‌కు లాక్కున్నారు! పగ్గాలు అందుకున్న జో క్విన్ చేతిలో 116 మ్యాచ్‌లకు 12 విజయాలే.

చాలామంది పట్టించుకోని సంగతి టికెట్ల లెక్క. గేటు వసూళ్లలో వచ్చిన జట్టుకూ వాటా ఉండేది. క్లీవ్‌లాండ్‌లో సీజన్ మొత్తానికి వచ్చింది 6,088 మంది, సగటున మ్యాచ్‌కు 145. ఆ వాటా రైలు, హోటల్ ఖర్చులకు కూడా సరిపోకపోవడంతో మిగతా జట్లు రామన్నాయి. అందుకే సొంత ఊళ్లో 42 మ్యాచ్‌లే జరిగాయి, బయట 112. సొంత ఊళ్లో 9 గెలిచి 33 ఓడారు, బయట 11 గెలిచి 101 ఓడారు. నా దృష్టిలో సీజన్‌ను పూర్తిగా కూల్చింది ఈ తిరుగుడే: అలిసిన జట్టు, వెనక ఒక్క అభిమాని లేడు. ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 16 దాకా వరుసగా 24 ఓడారు. చివరి 41లో 40 ఓటములు. అక్టోబరు 15న సిన్సినాటిలో ఆఖరి మ్యాచ్‌కు ఒక హోటల్ సిగార్ కౌంటర్‌లో పనిచేసే ఎడ్డీ కోల్బ్‌ను పిచర్‌గా దింపారు. 19-3తో ఓడారు.

లీగ్ పట్టికలో స్పైడర్స్ అగ్రస్థానానికి "84 గేమ్స్ వెనక" అని ఉంటుంది. అది ఎలా వచ్చిందంటే: అగ్రస్థానంలోని బ్రూక్లిన్ 101 గెలిచి 47 ఓడింది, స్పైడర్స్ 20 గెలిచి 134 ఓడింది. గెలుపుల తేడా 81, ఓటముల తేడా 87. రెండూ కలిపి సగం చేస్తే 84.

ఇప్పటి జట్లతో పోల్చేటప్పుడు ఓటముల సంఖ్య కాదు, గెలుపు శాతం చూడండి. స్పైడర్స్‌ది .130, అంటే 13 శాతం. దాన్ని 162 మ్యాచ్‌లకు లెక్కేస్తే 21 విజయాలు. 2024లో 121 ఓడిన చికాగో వైట్ సాక్స్‌కైనా 41 ఉన్నాయి. బయట 101 ఓటములన్నది ఇక ఎవరికీ అందదు, ఎందుకంటే ఇప్పుడు బయట ఆడేదే 81. ఇంకొకటి, నేటి క్లీవ్‌లాండ్ గార్డియన్స్ వీళ్ల వారసులు కారు. 1900కి లీగ్ 8 జట్లకు కుదించుకున్నప్పుడు స్పైడర్స్‌ను తీసేశారు. గార్డియన్స్ 1901లో అమెరికన్ లీగ్‌తో మొదలైన వేరే జట్టు. తరలిపోయిన ఆటగాళ్లు చేరిన సెయింట్ లూయిస్ జట్టే ఇవాళ్టి కార్డినల్స్.