అల్లిన తోలు బ్రేస్‌లెట్‌కు లోహపు కొక్కెం ఊడకుండా ఎలా అతికించాలి?

కొక్కెం ఊడొస్తుంటే అందరూ జిగురునే తిడతారు గానీ, తప్పు ఎక్కువగా అల్లిక కొసది. అది విచ్చుకుంటే లోపల పట్టు ఉండదు. అందుకే కత్తిరించకముందే కొసను నైలాన్ దారంతో గట్టిగా చుట్టి ముడేయండి, ఆ తర్వాతే దారం పక్కనే కోయండి. చుట్టిన చోట మందం కొలిచి, లోపలి వ్యాసం అంతకంటే అర మిల్లీమీటరు మాత్రమే ఎక్కువున్న గొట్టం (అల్లిక కొసను దూర్చే భాగం) గల కొక్కెం కొనండి. మరీ వదులైతే ఏ జిగురూ ఆపలేదు.

గొట్టం లోపల శాండ్‌పేపర్‌తో గీకి, స్పిరిట్‌తో తుడవండి. నూనె పట్టించిన తోలైతే కొసనూ తుడవాలి. సూపర్ గ్లూ ఆరాక పెళుసు, తోలు వంగేకొద్దీ పగులుతుంది. అరాల్డైట్ లాంటి, రెండు ట్యూబులవీ కలిపి వాడే ఎపాక్సీ జిగురు మేలు. గొట్టంలో కొంచెం వేసి, కొసను తిప్పుతూ దించండి, బయటికొచ్చింది వెంటనే తుడిచేయండి. 24 గంటల దాకా లాగి చూడకండి (కష్టమే!).