చెడిపోతున్న డిస్క్‌ను బాగుచేయకండి, ముందు నకలు తీయండి

ప్రశ్న: మా ఉబుంటు ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ వారం రోజులుగా చాలా నెమ్మదించింది. ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే మధ్యలో ఆగిపోయింది. మళ్లీ నడపవచ్చా? పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

జవాబు: దయచేసి నడపకండి. ఈ ప్రశ్న నాకు ఎన్నోసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఎఫ్‌ఎస్‌సీకే అప్పటికే ఒకసారి నడిచి ఉంటుంది. ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచూసి, తేడా ఉన్నచోట డిస్క్ మీద తిరగరాయడం దాని పని. కరెంటు పోయి లెక్క తప్పిన మంచి డిస్క్‌కు అది మేలు చేస్తుంది గానీ, చదవడానికే మొరాయిస్తున్న డిస్క్ మీద రాయిస్తే మిగిలిన ఫొటోలు కూడా దక్కకపోవచ్చు. డిస్క్ ఆరోగ్యం చూడకుండానే ‘రిపేర్’ మీట చూపించే డెస్క్‌టాప్ పనిముట్లను నేను క్షమించలేను. డిస్క్ తగిలించగానే తమంతట తామే మౌంట్ చేసే (అంటే ఫైళ్లు వాడుకునేలా తెరిచే) డెస్క్‌టాప్‌లూ ఇంతే. ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా, నోలోడ్ అనే ఆప్షన్ ఇవ్వకపోతే, పెండింగులో ఉన్న జర్నల్‌ను (పూర్తికాని మార్పుల చిట్టాను) అది డిస్క్ మీద రాసేస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేదానితో) మొదలుపెట్టి, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ నివేదికలో 197వ అంశం ముడి విలువ (RAW_VALUE) చూడండి. అది సున్నా కాకపోతే, చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న చిన్న గళ్లు) ఆ సంఖ్యలో ఉన్నాయని అర్థం. డిస్క్ టకటకమంటున్నా, అసలు కనబడకపోయినా ఇంట్లో ప్రయత్నించకుండా డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి. ఆ లక్షణాలు లేకపోతే, చెడిపోతున్న డిస్క్‌ల నుంచి నకలు తీసే డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ను అంతకంటే పెద్ద మరో డిస్క్‌లోకి నకలు తీయండి. ఉబుంటులో ఆ ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. మొదటి విడతలో మైనస్ ఎన్ (-n) ఆప్షన్ ఇస్తే అది మొండి సెక్టార్ల దగ్గర పట్టుబట్టకుండా, సులువుగా వచ్చేదంతా ముందు తెస్తుంది. మ్యాప్‌ఫైల్ తప్పక ఇవ్వండి, దాన్ని కూడా ఆ పెద్ద డిస్క్‌లోనే ఉంచండి. లైవ్ లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో పెడితే రీబూట్‌తో అది మాయమై, ఎక్కడిదాకా చదివిందో తెలియక పని మళ్లీ మొదటికొస్తుంది. ఎఫ్‌ఎస్‌సీకే అయినా, పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ అయినా ఆ నకలుకు తీసిన మరో నకలు మీదే నడపండి. ఫొటోరెక్ ఫొటోలు తెస్తుంది గానీ పాత ఫైల్ పేర్లు తేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తర్వాత జరిగేది. సెక్టార్ సెక్టార్‌గా తీసిన నకలులో మీరు తొలగించిన ఫైళ్లు, ఆధార్ స్కాన్లు, బ్రౌజర్ దాచిన పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. పని కాగానే దాన్ని చెరిపేయాలి. పాత డిస్క్ ఇంకా ప్రమాదకరం. పాడైన సెక్టార్లను డిస్క్ తనంతట తానే పక్కకు తప్పించి వేరే చోటు కేటాయిస్తుంది కాబట్టి, మీరు డిస్క్ నిండా సున్నాలు రాసినా ఆ పాత చోట్లలోని సమాచారం చెరగకపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రక్షణ) లేని అటువంటి డిస్క్‌ను వారంటీ కోసం వెనక్కి పంపవద్దని, రిపేరు షాపులో వదిలిరావద్దని గట్టిగా చెబుతున్నాను. కొత్త డిస్క్ ఖరీదు భరించి, పాతదాని లోపలి పళ్లేలను (సమాచారం ఉండే గుండ్రటి బిళ్లలను) పగలగొట్టండి.

కొత్తదానికి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే లినక్స్‌లో ఉండే లక్స్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి, దాని హెడర్‌కు (తాళం వివరాలుండే భాగానికి) మాత్రం క్రిప్ట్‌సెటప్ కమాండ్‌తో బ్యాకప్ తీసి వేరే పెన్‌డ్రైవ్‌లో భద్రపరచండి. డిస్క్ మొదట్లో ఉండే ఆ కొద్ది భాగం పాడైతే, పాస్‌వర్డ్ గుర్తున్నా ఫొటోలు తెరుచుకోవు.