స్పోర్ట్ టూరింగ్ బైక్‌కి ఎత్తు విండ్‌స్క్రీన్ వేస్తే హెల్మెట్ దగ్గర హోరు తగ్గుతుందా?

ఎత్తు పెంచినంత మాత్రాన తగ్గదు, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది. హెల్మెట్‌ని కుదిపి హోరు పుట్టించేది నేరుగా వచ్చే గాలి కాదు, స్క్రీన్ పై అంచు దాటగానే సుడులు తిరిగే గాలి. స్క్రీన్ వెనక పీడనం తక్కువ కాబట్టి ఆ సుడులు లోపలికి వంగుతాయి, ఎత్తు పెంచితే ఇంతకుముందు భుజాలకి తగిలేవి కాస్తా సరిగ్గా తలకి తగలడం మొదలుపెడతాయి.

మీ సంగతి తేల్చుకోవాలంటే, ఖాళీ రోడ్డు మీద కుదుపు వచ్చే స్పీడులోనే ఫుట్‌పెగ్‌ల (పాదాలు పెట్టుకునే కడ్డీల) మీద కొంచెం పైకి లేచి చూడండి. కుదుపు పోయి గాలి నిలకడగా తగులుతుంటే, కూర్చున్నప్పుడు మీ తల సుడుల్లో ఉందన్నమాట. అలాంటప్పుడు పొట్టి స్క్రీనే హాయి. లేదా స్క్రీన్ కింది భాగంలో కొంచెం సందు ఉండేలా బిగిస్తే దాని వెనక వైపుకి గాలి చేరి పీడనం సర్దుకుంటుంది, చాలామంది పట్టించుకోరు గానీ ఇది బాగా పనిచేస్తుంది.

గాలి అస్సలు తగలకపోతేనే సుఖం అనుకోవడం పొరపాటు. ముందుకు వంగి కూర్చునే ఈ బైకుల్లో, హైవే స్పీడులో ఛాతీకి తగిలే గాలి ఒంటి బరువుని కొంత మోసి మణికట్ల మీద భారం తగ్గిస్తుంది.