వాడు ఏడిస్తే నాకు చేతులు ఆడటం లేదు

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. రెండు నెలల కిందట స్నానానికి పెట్టిన వేడినీళ్ల బకెట్ మీదికి గుంజుకున్నాడు. కుడి చెయ్యి, ఛాతీ కాలాయి. తొడ చర్మం తీసి మోచేతికి అతికించారు. ఇప్పుడు ఇంట్లో ఆ చెయ్యి చాపించాలి, మచ్చను అదిమి ఉంచే బిగుతైన ప్రెజర్ జాకెట్ తొడగాలి. వాడు కేక పెట్టగానే ఆపేస్తున్నాను. రాత్రిళ్లు ఆ కేకే వినిపించి లేచి కూర్చుంటున్నాను. బాత్రూమ్‌లోకి వెళ్లాలంటే వణుకు. ‘పిల్లాణ్ని చూసుకోవడం చేతకాదు’ అని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. మావారు మాట్లాడటమే మానేశారు.
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: ముందు మోచెయ్యి సంగతి. దాన్ని వాయిదా వేయలేం. అతికించిన చర్మం, చుట్టూ ఉన్న మచ్చ నెలల తరబడి ముడుచుకుంటూనే ఉంటాయి. చెయ్యి వంగి బిగుసుకుపోయిందంటే మళ్లీ ఆపరేషన్ దాకా రావచ్చు. ‘ఇప్పటికే నావల్ల ఇంత పడ్డాడు, ఇంకా ఏడిపించనా’ అన్న అపరాధ భావమే మీ చేతులు కట్టేస్తోంది.

స్నానం చేయించి, డాక్టరు చెప్పిన క్రీమ్ రాశాక చర్మం మెత్తబడుతుంది, అప్పుడు చేయండి. నొప్పి మందు రాసిచ్చి ఉంటే అరగంట ముందే వేయండి. మచ్చ తెల్లబారేదాకా మెల్లగా చాపి, అక్కడే పట్టుకుని, వాడికి వినబడేలా పది లెక్కపెట్టండి. పది కాగానే వదిలేయాలి. ‘ఇంకొక్కసారి’ అని మాట తప్పితే రేపు చెయ్యి ఇవ్వడు. ‘నొప్పి లేదు’ అనొద్దు, ‘లాగినట్టు ఉంటుంది, పది దాకానే’ అనండి. చర్మం చిట్లినా, బొబ్బ లేచినా ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. మీకు ఏడుపు ఆగని రోజు ఆ పని మీవారికి ఇచ్చి బయటికి వెళ్లిపోండి. పిల్లాడు మీ ముఖం చూసే భయపడతాడు.

జాకెట్ సాధారణంగా రోజుకు 23 గంటలు ఉండాలి, స్నానానికి, మర్దనకు మాత్రమే తీయాలి. రెండు కుట్టించుకోండి, ఒకటి ఉతుకులో ఉన్నా రెండోది ఉంటుంది. కొన్ని నెలలకు పట్టు సడలుతుంది, పిల్లాడూ ఎదుగుతాడు, కొలతలు మళ్లీ ఇవ్వాలి. ఏడాది పైనే పట్టొచ్చు.

మీవారిని ‘ఏమైంది’ అని అడిగితే జవాబు రాదు. పని చెప్పండి: రాత్రి జాకెట్ తొడగడం, ఆస్పత్రి తేదీలు ఆయనవి. అత్తయ్యగారి నోరు ఆపాల్సిందీ ఆయనే. ‘అమ్మా, వాడి ముందు ఆ మాట ఎత్తొద్దు’ అంటే చాలు. మూడేళ్లవాడు అమ్మే తనను కాల్చిందని నమ్మేస్తాడు. 60 డిగ్రీల నీళ్లకు పసిచర్మం లోతుగా కాలడానికి సెకన్లు చాలు, పక్కనే ఉన్నా అందుకోలేరు. ఇకమీద బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడివి పోయండి.

కేక వినిపించడం, వణుకు మొదటి నెలలో చాలామందికి ఉంటాయి. రెండు నెలలైనా తగ్గలేదంటే మానసిక ఆఘాతం కావచ్చు, దానికి చికిత్స ఉంది. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదనిపిస్తే అర్ధరాత్రైనా సరే, వెంటనే చేయండి. బాబును చూపించే రోజునే సైకియాట్రీకి మీ పేరుమీదా ఓపీ చీటీ రాయించుకోండి.