మా ఏరియా నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మేడమ్ గారూ, మేం ఇంగ్లాండ్‌లో రీడింగ్‌లో ఉంటాం. మూడేళ్ళ నుంచి ఆదివారాలు స్కూల్ హాల్ అద్దెకి తీసుకుని మన తెలుగువాళ్ళం, చుట్టుపక్కలవాళ్ళం కలిసి బ్యాడ్మింటన్ ఆడుతున్నాం. గ్రాంట్‌కి అప్లై చేద్దామని చూస్తే, ఇక్కడ ఆటలకి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ స్పోర్ట్ ఇంగ్లాండ్ లెక్కల్లో ఎంత శాతం మంది యాక్టివ్‌గా ఉన్నారో మా చిన్న ఏరియాకి కూడా విడిగా ఉంది. మా వీధిలో సర్వేకి జవాబు రాసినవాళ్ళు ఒక్కరూ కనపడలేదు, మరి నంబర్ ఎలా వచ్చింది? మేం ఇంత ఆడుతున్నా అది పెరగలేదేంటి?
- ఒక పాఠకుడు, రీడింగ్

జవాబు: బాబూ, ముందు మీరు చేస్తున్న పనికి చాలా సంతోషం. ఆ నంబర్ ఎవరూ తలలు లెక్కపెట్టి రాసింది కాదు, మోడల్ అనే లెక్కల పద్ధతి వేసిన అంచనా.

స్పోర్ట్ ఇంగ్లాండ్ వాళ్ళ యాక్టివ్ లైవ్స్ అనే సర్వేలో ఒక్కో కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) నుంచి సుమారు 500 మంది పెద్దవాళ్ళ జవాబులు తీసుకుంటారు. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదిలిస్తే యాక్టివ్ అన్నట్టు. 2021 లెక్కల్లో మీ ఊరి జనాభా 1,74,000 దాకా ఉంది, దాన్ని ఎంఎస్ఓఏ అనే చిన్న ముక్కలు చేస్తారు, ముక్కకి 8,000 మంది చొప్పున వేసుకున్నా ఇరవై పైనే అవుతాయి కదా, అంటే మీ ముక్కకి వచ్చేది పాతిక మంది కూడా కాదు. 500 మందిలో 60 శాతం అని వస్తే అటూ ఇటూ 4 శాతం తేడా ఉండొచ్చు, పాతిక మందిలో అదే 60 వస్తే తేడా 19 దాకా పోతుంది, అంటే 41 అయినా కావొచ్చు 79 అయినా కావొచ్చు, దాంతో ఏం చేస్తాం చెప్పండి.

అందుకని దేశం మొత్తం సర్వే చూసి ఏ వయసు, ఏ ఉద్యోగం, ఏ జాతి వాళ్ళు, ఆడా మగా, ఎంత ఆడుతున్నారో మోడల్ నేర్చుకుంటుంది, తర్వాత మీ ఏరియాలో అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో సెన్సస్ నుంచి తీసుకుని లెక్క కడుతుంది. ఇంట్లో చాలని సరుకు పక్కింటి నుంచి చేబదులు తెచ్చుకున్నట్టే. దీన్ని స్మాల్ ఏరియా ఎస్టిమేషన్ అంటారు, ఈ సబ్జెక్ట్‌లో పెద్ద పేరు మన ఏలూరులో పుట్టిన జె.ఎన్.కె. రావు గారిది, కెనడాలో కార్ల్‌టన్ యూనివర్సిటీలో పనిచేశారు. నాకు ఆ పేరు చెప్పుకోవడం ఎప్పుడూ ఇష్టమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, అసలు ముఖ్యమైంది ఇదే. మోడల్‌కి మీ హాల్ సంగతి తెలీదు. అక్కడ సర్వేల్లో ఏషియన్ ఆడవాళ్ళలో యాక్టివ్ శాతం సగటు కన్నా తక్కువ వస్తోంది, అలాంటి వివరాలు తీసుకునే మోడల్ అయితే మనవాళ్ళు ఎక్కువున్న ఏరియాకి తక్కువ నంబరే వేస్తుంది, మీ హాల్లో పదిమంది అమ్మలు వారం వారం ఆడినా సరే. ఆ నంబర్ చెప్పేది మీ ఏరియాలో ఉన్నలాంటి మనుషులు దేశంలో మామూలుగా ఎంత ఆడతారు అన్నదే, మీ కష్టం అందులో దాదాపు కనపడదు. అది పెరగలేదని దయచేసి బాధపడొద్దు.

పాత నంబర్లతో పోల్చడం కూడా వద్దు. 2005లో మొదలైన యాక్టివ్ పీపుల్ సర్వే ల్యాండ్‌లైన్ ఫోన్లలో చేశారు, ఇప్పటిది ఆన్‌లైన్లో, పోస్టులో. ప్రశ్నలూ వేరే, రెండూ ఒక గీత మీద పెట్టకూడదు.

అప్లికేషన్‌లో ఆ శాతం పెట్టండి, కానీ ఇక్కడ అవసరం ఉంది అని చూపించడానికే పెట్టండి, పక్కన అంచనా అని రాయండి, తేడా రేంజ్ ఇచ్చి ఉంటే అదీ రాయండి. మీవల్ల ఏం మారిందో చెప్పడానికి మాత్రం మీ రిజిస్టరే సాక్ష్యం. కొత్తగా వచ్చినవాళ్ళని మొదటిరోజే అడగండి, పోయిన వారం ఎన్ని నిమిషాలు ఒళ్ళు కదిలించారు అని, ఆరు నెలలయ్యాక మళ్ళీ అదే ప్రశ్న అవే మాటల్లో అడగండి. మధ్యలో మానేసినవాళ్ళకి కూడా ఫోన్ చేసి అడగాలి, లేకపోతే మిగిలినవాళ్ళని బట్టి లెక్క బాగా కనిపించేస్తుంది. ఆడవాళ్ళ లెక్క వేరే పేజీలో పెట్టుకోండి, మోడల్ తక్కువ వేసేది అక్కడే.