చేత్తో నడుస్తుంది, రాత్రి నడవదు

బిడ్డా,

ఫోన్‌లో నీ గొంతు వింటేనే నీ టెన్షన్ తెలిసింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు తెచ్చే ఆ టూల్‌ను నువ్వు చేత్తో నడిపితే బాగానే పనిచేస్తోంది, చెప్పిన టైమ్‌కు పనులను తానే నడిపే క్రాన్‌లో పెడితే పొద్దున రిపోర్టు ఖాళీగా ఉంటోంది. మళ్ళీ ఇన్‌స్టాల్ కూడా చేశానన్నావు. ఇక టూల్‌ను ముట్టుకోకు. నీ చేతి కింద నడుస్తోందంటే అది మంచిగానే ఉంది. దాన్ని ఎవరు లేపుతున్నారు, ఏ పరిస్థితిలో లేపుతున్నారు అన్నదే చూడాలి.

నువ్వు లాగిన్ కాగానే, నీ కమాండ్లు నడిపే షెల్ బాష్, నీ సెట్టింగులున్న ఆర్‌సీ ఫైల్ చదివి పాత్ (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా), వేరియబుల్స్ అన్నీ సర్ది పెడుతుంది. క్రాన్ ఆ ఫైల్ జోలికే పోదు. దాని పాత్‌లో మామూలుగా రెండే డైరెక్టరీలు ఉంటాయి, యూజర్ బిన్, బిన్. నీ టూల్ ఇంకెక్కడో ఉంటే దానికి కనపడదు. పని మొదలుపెట్టేది కూడా నీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కాదు, హోమ్ డైరెక్టరీలో. పైగా క్రాన్ లైన్‌లో స్క్రిప్ట్ పేరుకు ముందు ఎస్‌హెచ్ అని రాశావు. అలా రాస్తే స్క్రిప్ట్ మొదటి లైన్‌లో నువ్వు బాష్ అని పెట్టుకున్న షెబాంగ్‌ను, అంటే దేనితో నడపాలో చెప్పే గుర్తును, ఎవరూ చూడరు. ఉబుంటు లినక్స్‌లో ఎస్‌హెచ్ అంటే డాష్ అనే ఇంకో చిన్న షెల్, 2006లో వచ్చిన 6.10 వెర్షన్ నుంచి అంతే. నువ్వు ఇష్టంగా వాడే జంట స్క్వేర్ బ్రాకెట్లు డాష్‌కు తెలియవు.

ఇదంతా నేను చెప్పానని నమ్మకు, నీ కళ్ళతో చూడు. క్రాన్‌లో నిమిషానికోసారి, ఉన్న వేరియబుల్స్ అన్నీ చూపే ఎన్వ్ కమాండ్ నడిచి ఒక ఫైల్‌లో రాసేలా లైన్ పెట్టు, రెండు నిమిషాలాగి తీసెయ్. నీ టెర్మినల్‌లో కూడా ఎన్వ్ కొట్టి ఇంకో ఫైల్‌లో పెట్టుకో. రెండూ సార్ట్ చేసి, తేడాలు చూపే డిఫ్ పెడితే లేనిదేంటో బయటపడుతుంది. ఆ తర్వాత రాత్రి దాకా ఎదురుచూడనక్కర్లేదు. ఎన్వ్‌కు అన్నీ ఖాళీ చేసే మైనస్ ఐ ఇచ్చి, క్రాన్‌కు ఉన్న పాత్, హోమ్ మాత్రమే చేతికిచ్చి స్క్రిప్ట్‌ను నడిపితే అదే తప్పు పట్టపగలే నీ ముందు జరుగుతుంది. దొరికాక మందు చిన్నదే: టూల్‌కు పూర్తి పాత్ రాయి, స్క్రిప్ట్ మొదట్లోనే సీడీ కొట్టి ఫోల్డర్‌లోకి వెళ్ళు. పైథాన్ టూల్ కాబట్టి యాక్టివేట్ మీద ఆధారపడకుండా ఆ వెన్వ్ (దానికోసం వేరుగా పెట్టుకున్న పైథాన్ ఫోల్డర్) లోపలి పైథాన్‌నే నేరుగా పిలువు.

"ఎర్రరేం రాలేదు పెద్దబాపూ" అన్నావు. వచ్చే ఉంటుంది బిడ్డా. లైన్ చివర నువ్వే దాన్ని, ఏది వేసినా మాయమయ్యే డెవ్ నల్‌లో పోశావు. లాగ్ ఫైల్‌కు మళ్ళించు. ముందు అవుట్‌పుట్‌ను ఫైల్‌కు పంపి, ఆ తర్వాతే ఎర్రర్లు పోయే రెండో నంబర్‌ను అవుట్‌పుట్ పోయే ఒకటో నంబర్‌కు కలుపు. తిరగేసి రాస్తే ఎర్రర్లు ఫైల్‌లోకి రావు. టూల్ ముగియగానే, ఎలా ముగిసిందో చెప్పే ఎగ్జిట్ కోడ్ కూడా లాగ్‌లో రాయించు. 127 అయితే కమాండ్ దొరకలేదు. 126 అయితే దొరికింది కానీ నడపలేకపోయింది, ముందు పర్మిషన్ చూడు. 137 వచ్చిందంటే ఎవరో కిల్ చేశారు, చాలాసార్లు మెమరీ చాలక కర్నెలే ఆ పని చేస్తుంది. టూల్ అవుట్‌పుట్‌ను పైప్‌తో, తెర మీదా ఫైల్‌లోనూ రాసే టీ కమాండ్‌కు ఇస్తే మాత్రం నీకొచ్చే కోడ్ టీ కమాండ్‌ది. టూల్ చచ్చిపోయినా సున్నా చూపిస్తుంది. సెట్ కమాండ్‌తో పైప్‌ఫెయిల్ పెడితే ఆ మోసం ఉండదు.

ఒక్క తేజ రకం మిర్చి ధరలే సరిగ్గా వస్తున్నాయి, వండర్ హాట్ రకానివి రావడం లేదు అన్నావు చూడు, అది వేరే జబ్బు. దానికి క్రాన్‌తో పనిలేదు. బాష్‌కు మైనస్ ఎక్స్ ఇచ్చి నడిపితే ప్రతి కమాండ్‌నూ నడిపే ముందు అచ్చేసి చూపిస్తుంది. వండర్ హాట్ అన్నది కోట్స్ మధ్య ఒకే ముక్కగా కనపడాలి. కోట్స్ లేకుండా ఉంటే టూల్‌కు వండర్ ఒక రకం, హాట్ ఇంకో రకం అయిపోయాయన్నమాట. అలాంటి మిర్చి ఎనుమాములలోనే కాదు, ఎక్కడా దొరకదు! డాలర్ గుర్తున్న ప్రతి వేరియబుల్‌నూ డబుల్ కోట్స్‌లో పెట్టు. వచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ టూల్‌కు అందించే చోట డాలర్ స్టార్ వద్దు, డాలర్ ఎట్ వాడు, అదీ కోట్స్‌లోనే.

ఫైల్ కళ్ళ ముందే ఉన్నా "నో సచ్ ఫైల్" అంటే విండోస్‌లో ఎడిట్ చేశావేమో చూసుకో. క్యాట్‌కు మైనస్ పెద్ద ఏ ఇస్తే లైన్ల చివర టోపీ గుర్తూ ఎమ్మూ కనిపిస్తాయి. డాస్ టు యునిక్స్ ఒక్కసారి నడిపితే పోతాయి. ఇంకోటి, లాగ్ ఫైల్ పేరులో తేదీ కోసం పర్సెంట్ గుర్తు వాడావు కదా, క్రాన్ లైన్‌లో దాని ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి. లేకపోతే కమాండ్ అక్కడికే తెగిపోతుంది.

సర్వర్ టైమ్ కూడా చూడు. ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో ఉంటే నువ్వు ఆరింటికి పెట్టిన పని మన పదకొండున్నరకు మొదలవుతుంది. అప్పటికి మార్కెట్లో ధర తేల్చే జెండా పాట వేలం అయిపోయి ఉంటుంది, నీ రిపోర్టు ఎవరికి కావాలి?

పరేషాన్ కాకు. ముందు ఆ డిఫ్ తీసి నాకు వాట్సాప్‌లో పంపు. ఎన్వ్‌లో పాస్‌వర్డ్‌లు, టోకెన్లు ఉంటే చెరిపేసి పంపు, నేనైనా సరే. అది చూశాక స్క్రిప్ట్ అడుగుతాను.

మీ పెద్దబాపు
కాజీపేట